మెడ వెనక గీత

అక్టోబరు 30, శుక్రవారం

సాయంత్రం టీవీలో చెప్పారు. మళ్ళీ దేశమంతా లాక్‌డౌన్. ఆదివారం నుంచి అన్నీ మూత. రొట్టెకి, పాలకి, మందులకి, చెత్త పారబోయడానికి మాత్రం గడప దాటవచ్చట.

మొదటిసారి ఇదే వార్త విని వీధంతా బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టింది. ఈసారి కిటికీలు మూసుకున్న చప్పుడు. కాసేపటికి ఒక్కొక్కటే తెరుచుకున్నాయి, తిట్టుకోవడానికి.

ఎదురింటి గార్డుగారు రైల్వేలో రిటైరై చాలాకాలమైనా గొంతు మాత్రం ఇంకా ప్లాట్‌ఫారమ్ మీదే ఉంది. "పోయినసారే గట్టిగా బిగించి ఉంటే ఇప్పుడీ గోల ఉండేదా? గేటు తీసి వదిలేశారు అందర్నీ! బయటికొచ్చినవాణ్ణి వచ్చినట్టే లోపలెయ్యాలి!"

జిమ్ మాస్టర్ కింద నుంచి అందుకున్నాడు. "మీకేమండీ, నెల తిరిగేసరికి పెన్షన్ వచ్చి పడుతుంది. ఎన్ని కబుర్లైనా చెప్తారు."

"ఒళ్ళు పెంచావు గానీ బుద్ధి పెంచలేదురా నువ్వు!"

బేకరీ ఆయన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అరవండి, అరవండి. ఆకలేస్తే మాత్రం నా దగ్గరికే రావాలి. మన కొట్టు తెరిచే ఉంటుంది."

మేడమీది గదిలోంచి మా చెల్లి, చిన్నది, నవ్వడం వినిపించింది. నవ్వి, దగ్గి, ఆగి, మళ్ళీ ఊపిరి తీసుకుంది. వసంతంలో ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ నాతో అన్న మాట మళ్ళీ గుర్తొచ్చింది. "ఇంకోసారి సోకిందంటే ఈ ఊపిరితిత్తులు తట్టుకోవమ్మా."

సోకదు. నేను ఉన్నాను.

అక్టోబరు 31

కింద మా సెలూన్‌లో పొద్దున్నుంచి తోపులాట. మళ్ళీ ఎప్పుడో ఏమోనని వీధిలో మగవాళ్ళంతా ఒకేరోజు తలలు పట్టుకుని వచ్చారు. తమ్ముడికి టీ తాగే తీరిక లేదు. సాయంత్రానికి షట్టర్ దించి, కుర్చీ మీద దుప్పటి కప్పాడు. నిద్రపోయిన పిల్లకి కప్పినట్టు కప్పాడు.

మరదలు పుట్టింట్లో చిక్కుకుపోయింది. ఫోన్ చేసి, "వదినా, ఆయన్ని ఖాళీగా కూచోనీకండి. చేతికి పని లేకపోతే ఆయన మనిషి కాడు," అంది.

వడ్రంగిని పిలిచి మేడమీది తలుపుకి బయటివైపు గడియ వేయించాను. ఎవరైనా పొరపాటున పైకి వెళ్ళకుండా. చిన్నది లోపలినుంచి, "ఏంటక్కా ఆ చప్పుడు?" అంది.

"తలుపు సరిగ్గా పడట్లేదు."

"బాగానే పడేదిగా?"

మనసు నెమ్మదిగా ఉంది. ప్రార్థన బాగా జరిగింది.

నవంబరు 2

షట్టర్లన్నీ దిగి ఉన్నాయి. వీధి ఎవరో కడిగి బోర్లించినట్టుంది. చిన్నది ఫోన్లో పిల్లలకి పాఠం చెబుతోంది. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగితే, పిల్లలు అది ఖాళీ పూరించమనడం అనుకుని జవాబులు చెబుతున్నారట. తలుపు బయట పళ్ళెం పెడుతుంటే తనే చెప్పి నవ్వింది.

పళ్ళెం పెట్టి, గడియ తీసి, మెట్లు దిగి పిలుస్తాను. ఆమె తీసుకుని తలుపేసుకున్నాక మళ్ళీ ఎక్కి గడియ పెడతాను. ఇద్దరికీ అలవాటైంది.

నవంబరు 4

తమ్ముడు మధ్యాహ్నాలు కిందికి వెళ్ళి కూర్చుంటున్నాడు. కత్తెరలకి నూనె రాస్తున్నాడట. మంచిదే. సెలూన్ తువ్వాళ్ళు ఉతకడం ఎప్పుడూ నా పని. ఇప్పుడు తనే ఉతికి ఆరేస్తున్నాడు. వాడని తువ్వాళ్ళు ఎందుకురా అంటే, "మాసిన వాసనొస్తున్నాయక్కా," అన్నాడు. కష్టకాలం మనుషుల్ని దారిలో పెడుతుంది.

నవంబరు 5

దేవుడి దయ. అంతా సవ్యంగా ఉంది.

నవంబరు 8

ఒక మార్పు గమనించాను. వీధిలో శుభ్రత పెరిగింది. మా వెనక సందులో చెత్తకుండీల దగ్గరికి మధ్యాహ్నమంతా ఎవరో ఒకరు సంచి పట్టుకుని వస్తూనే ఉన్నారు. అంతమంది ఇళ్ళలో అంత చెత్త ఉండేదని ఇన్నేళ్ళూ తెలియలేదు. చిన్నదానికి చెబితే తలుపవతలనుంచి మాట మార్చింది.

రొట్టెకి వెళ్ళాను. బేకరీ ఆయన పొయ్యి వైపు తిరిగినప్పుడు మెడ కనబడింది. నున్నగా ఉంది.

చిన్నప్పుడు సెలూన్‌లో నాకు నాన్న ఇచ్చిన పని వెనక అద్దం పట్టుకోవడం. పని అయిపోగానే కుర్చీలో కూర్చున్నాయన వెనక నిలబడి అద్దం పట్టాలి, ఆయన ముందు అద్దంలో చూసుకుని తల ఊపాలి. అందుకే నాకు ముఖాలకంటే మెడలే ఎక్కువ గుర్తు. తమ్ముడిది ఎడమచేతి వాటం. వాడు రేజరుతో మెడ వెనక గీత గీస్తే కుడివైపుకి వచ్చేసరికి కాస్త పైకి లేస్తుంది, గాలికి లేచిన కర్టెన్ అంచులా. నాన్న ఎంత తిట్టినా అది సరికాలేదు. నేను తప్ప ఎవరూ గమనించలేదు కూడా.

బేకరీ ఆయన గీత లేచి ఉంది.

లాక్‌డౌన్ ముందురోజు చేయించుకున్నదే అయి ఉంటుంది. కొంతమందికి జుట్టు నెమ్మదిగా పెరుగుతుంది.

నవంబరు 11

జిమ్ మాస్టర్ తాడు పట్టుకుని వాకిట్లో గెంతుతున్నాడు. కిటికీలోంచి చూశాను. అతనికీ నెమ్మదిగానే పెరుగుతుంది కాబోలు.

తమ్ముడు హుషారుగా ఉన్నాడు. ఈల కూడా వేస్తున్నాడు. మరదలికి ఫోన్లో చెప్పాను. ఆవిడ సంతోషించింది.

మా ఇంట్లో నాతో అబద్ధం చెప్పేవాళ్ళు లేరు. అది నా అదృష్టం.

నవంబరు 12

ఈ వీధి డ్యూటీ కానిస్టేబుల్ షట్టర్ తాళం లాగి చూసి, "వీధి మొత్తంలో మీ షాపే పద్ధతిగా ఉందమ్మా," అన్నాడు. టోపీ తీసి తల తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు.

గీత లేచి ఉంది. తాజాగా. అంచున రేజరు ఎరుపు ఇంకా తగ్గలేదు.

నవంబరు 13

ప్రార్థన అయ్యాక కిందికి దిగాను. సెలూన్ వెనక తలుపు దగ్గర తమ్ముడు నేల ఊడుస్తున్నాడు. కిటికీకి దుప్పటి కట్టి ఉంది. చీపురు ముందు నల్ల వెంట్రుకలు, తెల్లవి, నెరుస్తున్నవి అన్నీ కలిసిన కుప్ప.

"ఎన్నాళ్ళనుంచిరా?"

"ఏంటక్కా?"

"కానిస్టేబుల్ మెడ చూశాను."

చీపురు ఆగింది. "నీ కళ్ళకో దండం అక్కా."

"దండాలు తర్వాత. పైన ఎవరున్నారో గుర్తుందా?"

"మాస్కు పెట్టుకునే చేస్తున్నా. మిషన్ కూడా ఆన్ చేయట్లేదు, చప్పుడవుతుందని. ఒట్టి కత్తెర. నిజం చెప్పనా, ఇంత శ్రద్ధగా ఎప్పుడూ కత్తిరించలేదు."

"మెచ్చుకోమంటావా?"

తల దించుకున్నాడు. నలభై ఏడేళ్ళవాడు, చిన్నప్పుడు అద్దం పగలగొట్టిన రోజు నిలబడ్డట్టే నిలబడ్డాడు.

"వాళ్ళు జుట్టు కోసం రావట్లేదక్కా. చెత్త సంచి పట్టుకుని వస్తారు, కుర్చీలో కూచుంటారు, మాట్లాడతారు. బయట లాక్‌డౌన్ గట్టిగా పెట్టాలని అరిచేవాళ్ళే ఇక్కడికొచ్చి ఏడుస్తారు. ఎత్తెయ్యాలని అరిచేవాళ్ళు చావుకి భయపడతారు. బయట ఒక్కడూ నిజం చెప్పట్లేదక్కా."

"ఎవరెవరు వస్తున్నారు?"

"అది అడక్కు. కుర్చీ మాట కుర్చీలోనే. నాన్నకి మాటిచ్చాను."

అది నిజం. కుర్చీలో ఎవరు కూర్చున్నారో, ఏమన్నారో గడప దాటకూడదు. నాన్న కత్తెర పట్టనిచ్చే ముందు చేయించిన ప్రమాణం అది. నేను కూడా అద్దం పట్టే ముందు చేశాను.

"నాకో మాటివ్వు మరి. రేపట్నుంచి ఆ తలుపు తెరుచుకోకూడదు."

"తెరవను."

నా మాట ఈ ఇంట్లో ఎవరూ జవదాటరు. ఇక బెంగ లేదు.

నవంబరు 14

వెనక సందులో చెత్త సంచి పట్టుకుని గార్డుగారు. తలుపు తట్టారు. తెరుచుకోలేదు. కాసేపు నిలబడి, సంచితోనే వెనక్కి వెళ్ళిపోయారు.

చూశాక తేలికగా అనిపించాలి. అనిపించింది.

నవంబరు 17

తమ్ముడు దగ్గాడు. పొడి దగ్గు. నూనె వాసన పడలేదన్నాడు.

నవంబరు 18

జ్వరం. పరుపు తీసుకుని తనే సెలూన్‌లోకి దిగిపోయాడు. "నువ్వు చెప్పకముందే పోతున్నానక్కా," అన్నాడు. టెస్టువాళ్ళు వచ్చి ఇద్దరికీ అప్పటికప్పుడు తెలిసే టెస్టు చేశారు. నాకు లేదు. వాడికి ఉంది.

గడియ రెండుసార్లు చూసుకున్నాను. ఆమె మేడమీద, వాడు కింద, మధ్యలో నేను. వాడిది దిగులు పడాల్సిన వయసు కాదు, ఒంట్లో శక్తి ఉంది. చిన్నదాని దాకా రాదు. వాడు పైకి వెళ్ళలేదు. ఆమె కిందికి రాలేదు.

షట్టర్ సందులోంచి అన్నాను. "కుర్చీలో కూచున్నవాళ్ళకి చెప్పాలిరా."

"ఫోన్లు చేశానక్కా. భార్యలు పక్కన ఉన్నట్టున్నారు. అందరూ రాంగ్ నంబరన్నారు." నవ్వబోయి దగ్గాడు.

"పేర్లు నాకు చెప్పు."

"చెప్పను."

"ప్రాణాల మీదికొచ్చింది."

"నువ్వే కదక్కా, మాటంటే మాటేనని నేర్పింది." కాసేపు ఆగి, "చెప్పాల్సినవాళ్ళు చెప్తారు. ఒకళ్ళు చెప్తానన్నారు," అన్నాడు.

జ్వరంలో మాట అనుకున్నాను.

నవంబరు 20

నిన్నటిది ఈరోజు రాస్తున్నాను.

పొద్దున్నే రొట్టె లైన్‌కి వెళ్ళాను. వెనక్కి పోయి నిలబడ్డాను. ఎడం ఎడంగా, బేకరీ గుమ్మం నుంచి మూలదాకా మనుషులు. అందరూ నాకు వీపు చూపించి నిలబడ్డారు. ముఖాలకి మాస్కులు. మెడలకి లేవు.

కళ్ళు మూసుకుని ధైర్యం అడిగాను. తర్వాత లైన్ పక్కనే నడిచాను. గీత లేచిన ప్రతి మెడ దగ్గరా ఆగి, దూరం నుంచే మెల్లిగా చెప్పాను. "మా తమ్ముడికి సోకింది. మీరు టెస్టు చేయించుకోండి. ఇంట్లోవాళ్ళకి దూరంగా ఉండండి."

జిమ్ మాస్టర్ ముఖం పాలిపోయింది. "మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు బాబూ. మీ మెడ చెప్పింది."

మందుల షాపు ఆయన చేత్తో మెడ కప్పుకున్నాడు. బేకరీ ఆయన లోపల పొయ్యి దగ్గరే రొట్టెల పళ్ళెం దించి, అప్రాన్ విప్పేసి, తన తమ్ముణ్ణి పిలిచి కొట్టు అప్పగించి బయటికి నడిచాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. ఆయనంటే నాకు గౌరవం పెరిగింది.

గార్డుగారు మాత్రం వీధి అదిరిపోయేలా అరిచారు. "నాకు చెప్తున్నావా? నాకా? లాక్‌డౌన్‌కి తాళం నేనే వేస్తాననే మనిషిని! నాకు మా ఆవిడే కత్తిరించింది!"

పైన బాల్కనీలోంచి ఆవిడ, "నేనెప్పుడు కత్తిరించానండీ? చెత్త పారబోసొస్తానని చెప్పి గంటసేపు మాయమయ్యేవారు, నేనేమో చెత్త మీద ఇంత ప్రేమేమిటా అనుకున్నా!" అంది.

ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. ఆ నవ్వులోంచే ఒకామె గొంతు లేచింది. "నవ్వుతారేంటి? మా ఇంట్లో చంటిపిల్లుంది. ఈయన ఆ కుర్చీలో కూచుని వచ్చి పిల్లని ఎత్తుకున్నాడు. మీ తమ్ముడు మా ఇంటిని ముంచుతాడా?"

"పూజలు చేసే మొహాలు చూడు," అన్నారింకొకరు. "ఇంట్లోనే దొంగ సెలూన్ నడిపించారు."

"తప్పు మా ఇంటిదే," అన్నాను. "తిట్లు ఎక్కడికీ పోవు, తర్వాత వచ్చి పడతాను. ముందు టెస్టు చేయించుకోండి."

వీధి చివర కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. నేను వస్తుంటే టోపీ కిందికి లాక్కున్నాడు. దగ్గరికి వెళ్ళి చెప్పాను. తల ఊపాడు. "షాపుకి సీలు వెయ్యాలమ్మా మరి," అన్నాడు.

"వెయ్యండి. టెస్టు చేయించుకున్నాక వెయ్యండి."

ఇంటికి వచ్చేసరికి కాళ్ళు తేలికగా ఉన్నాయి. నాకే ఆశ్చర్యమేసింది. నాన్న ప్రమాణం తప్పలేదు, తమ్ముడి నోట ఒక పేరు రాలేదు, అయినా ఒక్కరూ మిగలకుండా అందరికీ చేరింది. దేవుడు చేయించాడు. మెట్లెక్కి తలుపు బయట నిలబడి చిన్నదానికి అదే చెప్పాను.

"విన్నా," అంది. "కిటికీలోంచి అంతా చూశా. గార్డుగారి ఆవిడ అదరగొట్టింది. అందరికీ చెప్పేశావా?"

"చెప్పేశాను. ఒక్కరు కూడా మిగల్లేదు."

లోపల మంచం కిర్రుమంది.

"అక్కా, గడియ తీసి కిందికి దిగి నిలబడు."

దిగాను. తలుపు తెరుచుకుంది. చలికాలం మొదలైన దగ్గర్నుంచి ఆమె తలమీద ఉన్ని టోపీ తీయడం నేను చూడలేదు. తీసింది. వెనక్కి తిరిగింది.

జుట్టు మెడదాకా పొట్టిగా ఉంది. కింద గీత. కుడివైపుకి లేచి ఉంది.

నవంబరు 21

ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుంటున్నాను.

"నువ్వు మందుల షాపు లైన్లో ఉన్నప్పుడు అన్నయ్య గడియ తీశాడు. నేనే ఫోన్ చేసి బతిమాలా. వాడు వద్దన్నాడు. నేను ఏడ్చా. అన్నయ్యని ఏమీ అనకు. జ్వరమొచ్చిన రోజే నాకు ఫోన్ చేసి అక్కకి చెప్పేస్తానన్నాడు. నేనే ఆపా, నేను చెప్తాగా అని. కుర్చీ మాట కుర్చీలోనే కదా అని వాడి ప్రమాణం వాడి మీదికే తిప్పా."

"ఎందుకే?" అన్నాను. అదొక్కటే అన్నాను.

"జుట్టు కోసం కాదు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ చేతి తొడుగులే ముట్టుకున్నాయి నన్ను. ఇంటికొచ్చాక పళ్ళెం ముట్టుకుంటున్నా. మనిషి చెయ్యి తల మీద పడి ఎన్నాళ్ళైందో నీకు తెలుసా? అన్నయ్య దువ్వుతుంటే నిద్రొచ్చేసిందక్కా, కుర్చీలోనే. నీకు చెప్తే నువ్వు ఇంకో గడియ వేయిస్తావు."

కింద మెట్టు మీద కూర్చున్నాను.

"నువ్వు నన్ను బతికిస్తున్నావు. నాకు తెలుసు. కానీ నన్నోసారి అడిగి బతికించక్కా."

నవంబరు 22

టెస్టువాళ్ళు వచ్చి చిన్నదానికి చేసి వెళ్ళారు. ల్యాబు నుంచి జవాబు రావాలి.

ప్రార్థనకు కూర్చున్నాను. మాటలు రాలేదు. ఊరికే కూర్చున్నాను.

నవంబరు 23

చిన్నదానికి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందట. వేడినీళ్ళు తాగింది. అందువల్లే.

నవంబరు 24

వెచ్చగానే ఉంది. వేడినీళ్ళ వల్ల కాదు. వేడినీళ్ళు తాగలేదు. నాకు నేను అబద్ధం రాసుకున్నాను.

మాస్కు వేసుకుని పైకి వెళ్ళాను. లోపలికి వెళ్ళాను. ఆమె "వద్దక్కా" అని గోడ వైపు తిరిగింది. కిటికీ బార్లా తెరిచి, మంచం పక్కన కూర్చుని, తలమీద చేయి పెట్టాను. పొట్టి జుట్టు అరచేతికి గుచ్చుకుంది. ఆమె తిరగలేదు. చేతిని తన చేత్తో పట్టుకుంది.

సాయంత్రందాకా అలాగే ఉన్నాము.

నవంబరు 25

జవాబు వచ్చింది. లేదు. వెచ్చదనం జలుబుదట. డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. "అదృష్టవంతులు," అంది. "ఇంకోసారి చేద్దాం, గట్టిగా తెలుస్తుంది."

ఫోన్ పెట్టేశాక నా మొదటి ఆలోచన ఏమిటో రాయాలి. కిటికీకి కూడా గడియ వేయించాలనుకున్నాను.

నవంబరు 26

షట్టర్ మీద సీలు కాగితం అంటించి వెళ్ళారు. లోపల తమ్ముడున్నాడు కాబట్టి వెనక తలుపు వదిలారు. వాడికి జ్వరం దిగింది. వాసన మాత్రం తెలియట్లేదట. "నీ వంటకి ఇదే మంచిదక్కా," అన్నాడు. వాడు బాగుపడ్డాడని అప్పుడు నమ్మాను.

"అక్కా, చిన్నది చెప్పిందా?"

"చెప్పింది."

"తిట్టవా?"

"తిడతాను. నిలబడే ఓపిక రానీ."

వీధిలో ఇద్దరికి సోకింది. ఒకరు జిమ్ మాస్టర్. ఇంకొకరు మందుల షాపు ఆయన. ఇద్దరూ ఇళ్ళలోనే ఉన్నారు, తేలికగానే ఉందట. చంటిపిల్ల ఇంట్లో ఎవరికీ లేదు. ఆ తల్లి నన్ను చూసి కిటికీ మూసేసుకుంది. మూసుకోవచ్చు.

నవంబరు 28

రెండో టెస్టులో కూడా లేదు.

సాయంత్రం టీవీలో లాక్‌డౌన్ పొడిగించారని చెప్పారు. ఈసారి కిటికీలు మూసుకోలేదు. తర్వాత గార్డుగారు బాల్కనీలోకి వచ్చారు. అందరూ అరుపు కోసం ఎదురుచూశారు. ఆయన రెయిలింగ్ పట్టుకుని, "ఇంకా ఎన్నాళ్ళో," అన్నారు. మామూలు గొంతుతో. ఆ గొంతు ఆయనకి ఉందని మాకు తెలియదు.

"మీకేమండీ, పెన్షన్," అన్నాడు జిమ్ మాస్టర్ తన గది కిటికీలోంచి, దగ్గుతూ.

"నోర్ముయ్యరా. మందులేసుకున్నావా?"

"వేసుకున్నా లెండి."

చిన్నది పైనుంచి వింటోంది. మెట్లెక్కి వెళ్ళాను. తలుపు బయట నిలబడి అడిగాను. ఆమెని ఇంతకుముందు ఏదీ అడిగిన గుర్తు లేదు. "ఏం చెయ్యాలని ఉంది నీకు?"

ఊపిరి తీసుకునేదాకా ఆగాను. ఖాళీ నేను పూరించలేదు.

"గేటు దగ్గర కూచోవాలని ఉంది. వీళ్ళందరి గోల దగ్గరనుంచి వినాలని ఉంది. మాస్కు వేసుకునే. దూరంగానే."

"ప్రమాదం."

"తెలుసు."

"చలి కూడా."

"అక్కా. నువ్వు అడుగుతున్నావా, చెప్తున్నావా?"

కిందికి వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చాను. వడ్రంగి మరలు బాగా బిగించాడు. అరచేయి ఎర్రబడింది. ఊడిన చోట తలుపు మీద చిన్న చిన్న రంధ్రాలు మిగిలాయి. వాటిని పూడ్చమని ఎవరికీ చెప్పను.

నవంబరు 29, ఆదివారం

ఎండ కాస్త పడింది. గేటు దగ్గర కుర్చీ వేసి వచ్చాను. శాలువా కప్పుతానంటే కప్పనిచ్చింది. చేయి పట్టుకుంటానంటే వద్దంది.

"నువ్వు ముందు నడు. నేనొస్తా."

నేను ముందు నడిచాను. మెట్లమీద ఆమె ఊపిరి నాకు వెనకనుంచి వినిపిస్తూనే ఉంది. అది ఆగిన చోట నేనూ ఆగాను. మళ్ళీ మొదలయ్యాక ఇంకో మెట్టు దిగాను.

వెనక్కి తిరిగి చూడలేదు.